గొప్ప ఏడాది, మామూలు ఏడాది: ఎర్ర వైన్ మిశ్రమాల గురించి ఒక వాదన

ఎర్ర వైన్ మీద కాస్త శ్రద్ధ పుట్టిన ప్రతివారి చేతికీ త్వరలోనే ఒక వింటేజ్ (పంట ఏడాది) పట్టిక వచ్చి చేరుతుంది. ఒక పక్క ప్రాంతాల పేర్లు, ఇంకో పక్క పంట ఏళ్లు, మధ్యలో గడుల నిండా మార్కులు. ఫ్రాన్స్‌లోని బోర్డో 1982కు అగ్రస్థానం, 2005కు అగ్రస్థానం, 2009, 2010, 2016లకు దాదాపు పూర్తి మార్కులు, 2007కు అత్తెసరు, 2013కు అంతకన్నా తక్కువ. ఈ పట్టికను నమ్ముకున్నవారు మార్కులు దండిగా వచ్చిన ఏళ్ల సీసాలను అపురూపంగా దాచుకుంటారు, తక్కిన వాటి వంక కన్నెత్తి చూడరు. నా పేచీ ఈ అలవాటుతోనే. ఒకే రకం ద్రాక్షతో చేసే వైన్ల సంగతి ఎలా ఉన్నా, పలు రకాలను కలిపి చేసే మేలైన ఎర్ర వైన్ల విషయంలో వింటేజ్ మార్కు చెప్పేది ప్రధానంగా ఆ సీసాను ఎంతకాలం ఆపవచ్చునన్న సంగతి; తెరిచిన రోజున అది ఎంత ఆనందం ఇస్తుందన్న సంగతి ఆ అంకెలో ఉండదు. ఇంకో అడుగు ముందుకు వేసి, ఒక తయారీదారు పనితనం తెలుసుకోవాలంటే వారి మహా గొప్ప ఏళ్లకంటే మధ్యరకం ఏళ్లను తాగి చూడడమే మెరుగని కూడా అంటాను.

మిశ్రమం ఎందుకు పుట్టిందో చూస్తే ఈ మాట అంత విడ్డూరంగా అనిపించదు. బోర్డో అట్లాంటిక్ సముద్రాన్ని ఆనుకొని ఉన్న నేల. అక్కడ వసంతంలో మంచు, పూత వేళ చలి, కోతల ముందు వాన ఏ ఏడాదీ చెప్పి రావు. మెర్లో తీగ త్వరగా చిగురిస్తుంది, బంకమట్టి నేలలో హాయిగా పెరుగుతుంది, కాబెర్నే సావిన్యాన్ కంటే వారం రెండు వారాల ముందే పండుతుంది. వైన్‌కు కండ పట్టించేదీ, మెత్తదనం తెచ్చేదీ అదే. కాబెర్నే సావిన్యాన్ ఆలస్యంగా పండే రకం. దాని పండు చిన్నది, తొక్క మందం, వేడిని పట్టి ఉంచే గులకరాళ్ల నేల దానికి కావాలి. వగరు, చిక్కని రంగు, దీర్ఘాయువు దాని సొత్తు. సువాసన కోసం కాబెర్నే ఫ్రాంక్, కొంచెం ఘాటు కోసం పెటీ వెర్డో తోడవుతాయి. ఒక రకం దెబ్బతింటే ఇంకొకటి ఆదుకుంటుందన్నది మొదట్లో రైతు వేసుకున్న లెక్క. రుచి సిద్ధాంతాలన్నీ ఆ తర్వాత వచ్చి చేరినవే.

ఆ లెక్క ఎలా పనిచేస్తుందో చెప్పడానికి కొన్ని ఏళ్లు చాలు. 1984లో మెర్లో పూత నిలవలేదు. బోర్డోలోని మెడోక్ ప్రాంతపు ఆ ఏటి వైన్లు దాదాపు కాబెర్నే మీదనే నిలబడవలసి వచ్చింది. 1986లో సెప్టెంబరు చివర కుండపోత వాన కురిసింది. అది వెలిశాక నిదానంగా కోసిన కాబెర్నే, జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున (మెడోక్ ఉన్న వైపు), ఇప్పటికీ తొణకని వైన్లను ఇచ్చింది. 1998లో సరిగ్గా తలకిందులైంది. మెర్లో కోతలు చాలావరకు ముగిశాక వానలు పట్టుకోవడంతో కుడి ఒడ్డున పొమెరోల్, సెంట్ ఎమిలియోన్ వైన్లు వెలిగిపోయాయి, ఎడమ ఒడ్డున కాబెర్నే నానిపోయింది. 2003లో ఐరోపాను మాడ్చిన వడగాలులకు చాలాచోట్ల మెర్లో తీగ మీదనే వడిలిపోయింది. అయితే సెంట్ ఎస్తెఫ్‌లో తేమను పట్టి ఉంచే బంకమట్టి ఉన్న తోటలు మాత్రం ఆ ఏట పొరుగువారికంటే బాగా నెగ్గుకొచ్చాయి. ‘బోర్డో 1998’ అని ఒకే గడిలో ఒకే అంకె వేయడం ఎంతటి మోటు పనో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వాతావరణం ఇచ్చినదాన్ని అలాగే సీసాలోకి ఎక్కించరు కూడా. పేరున్న షాటోల్లో (సొంత తోటలతో వైన్ చేసే ఎస్టేట్లలో) ఒక్కో మడి పండును విడిగా పులియబెట్టి, విడిగా పీపాల్లో పోసి, కోత తర్వాతి చలికాలంలోనో ఆ వెంటనే వచ్చే వసంతంలోనో కూర్చుని కలుపుతారు. అలాంటి బల్ల దగ్గర ఒకసారి పక్కన కూర్చునే అవకాశం నాకు దొరికింది. మడి నంబర్లు రాసిన చిన్న సీసాలు, గీతలు పెట్టిన గాజు గొట్టం, పళ్లూ పెదవులూ నేరేడు రంగుకు తిరిగిన నలుగురు మనుషులు. అక్కడ మాటలు బహు తక్కువ. మొదట కలిపిన నమూనా వాసనకు బాగుంది, నోట్లో మొదలూ బాగుంది, మధ్యలో మాత్రం ఏదో ఖాళీ. పులిసిన పిప్పిని గట్టిగా పిండి తీసిన వైన్‌ను అందులో కొద్దిగా పోశారు. దాన్ని విడిగా రుచి చూస్తే నాలుక చెక్కబారిపోయింది; మొత్తంలో ఇరవయ్యో వంతుకు మించని ఆ పిండుడు వైన్ కలిశాక ఆ ఖాళీ పూడిపోయింది. పెటీ వెర్డో పాలు పెంచి చూసి, వద్దనుకొని, మళ్లీ తగ్గించారు. ఆ గదిలో బయటి వాతావరణం గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అది అప్పటికే ముగిసిపోయిన విషయం. వాళ్ల ముందున్నది దానికి జవాబు చెప్పే పని.

ఈ జవాబులో సగం పాలు కాదనడంలోనే ఉంటుంది. తమ ప్రధాన వైన్‌కు తగదనుకున్న పీపాలను షాటోలు రెండో వైన్‌కు, ఇంకా కింది శ్రేణికి మళ్లిస్తాయి. ఈ కఠినమైన ఏరివేతను ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో బోర్డో తయారీదారులకు ఎక్కించినవారిలో ముఖ్యుడు వైన్ శాస్త్రవేత్త ఎమిల్ పేనో. 1970ల చివర షాటో మార్గో తిరిగి కోలుకోవడంలో అతని సలహాలకు పెద్ద పాత్ర ఉంది. పంట కష్టంగా ఉన్న ఏట నిబద్ధత గల తయారీదారు ప్రధాన వైన్ తక్కువ పరిమాణంలో వస్తుంది, అయితే అది ఎక్కువ ఆలోచనతో వస్తుంది. సూర్యుడు అన్నీ సమకూర్చిన ఏట ప్రతి పక్కింటివారూ మంచి వైన్ చేస్తారు. మనిషి చేయి ఎక్కడ పడిందో చూడాలనుకునేవారికి అలాంటి ఏడు పెద్దగా ఉపయోగపడదు.

లేబుల్ మీద ఏడాది అంకెకు మనం ఇచ్చే పవిత్రత గురించి ఒక చిన్న పక్కమాట. ఐరోపా సమాఖ్య నియమం ప్రకారం లేబుల్ మీద వేసిన ఏటి ద్రాక్ష కనీసం 85 శాతం ఉంటే చాలు; తక్కినది వేరే ఏటిది కావడానికి చట్టం అడ్డు చెప్పదు. స్పెయిన్‌లోని రిబేరా దెల్ ద్వెరోలో వేగా సిసిలియా వారు తమ ‘ఊనికో’ వైన్‌లోని వేర్వేరు పంట ఏళ్లను కలిపి ‘రెసెర్వా ఎస్పెసియాల్’ అన్న మిశ్రమాన్ని చాలాకాలంగా చేస్తున్నారు. ఆస్ట్రేలియాలో పెన్‌ఫోల్డ్స్ 2017లో తన ప్రసిద్ధ వైన్ గ్రేంజ్ తాలూకు 2008, 2012, 2014 ఏళ్లను కలిపి ‘జీ3’ పేరుతో విడుదల చేసింది. రెండోదాంట్లో వ్యాపారపు ఆర్భాటం పాలు ఎక్కువని నా అభిప్రాయం. మొదటిదాని మీద మాత్రం నాకు గౌరవం ఉంది. ఒక ఏటి సువాసన, ఇంకో ఏటి బలం, మూడోదాని పక్వత కలిస్తే ఏ ఒక్క ఏడాదీ ఒంటరిగా ఇవ్వలేని నిండుదనం వస్తుందని అది చూపించింది. షాంపేన్ విషయంలో ఇదే పని చేస్తే ఎవరూ ముక్కు విరవరు.

ఒకే షాటో వైన్‌ను వరుస ఏళ్లలో పక్కపక్కన పెట్టి రుచి చూడడాన్ని వర్టికల్ టేస్టింగ్ అంటారు. ఈ మొత్తం వాదనకు నన్ను నెట్టింది అటువంటి కూర్పులే. వాటిలో ఒకటి కాస్త వివరంగా చెబుతాను. మెడోక్‌కు చెందిన, మరీ ఆకాశాన్నంటని పేరున్న ఒక షాటో. 2001, 2003, 2004, 2008, 2009, 2010, 2013, 2014 సీసాలు. సీసాలను ముందురోజే నిలబెట్టి ఉంచడం వల్ల మడ్డి అడుగుకు చేరింది. 2001 బిరడా తీస్తుంటే సగానికి విరిగింది. మిగిలిన ముక్క పక్కన ఎర్రటి చెమ్మ మూడో వంతు దాకా ఎగబాకి ఉంది, అంటే వైన్ కారలేదు, ఆరోగ్యంగానే ఉంది. సీసా మెడ కింద దీపం పెట్టి డికాంటర్ అనే గాజు కూజాలోకి ఒంపుతుంటే ముందు పలుచని మసకతీగ ఒకటి, దాని వెనుక పొగలాగా మడ్డి కదిలి సీసా భుజం దగ్గరకు వచ్చింది. ఒంపడం అక్కడ ఆపేయాలి. ఇంకో రెండు చెంచాల వైన్ కోసం ఆశపడితే పై వైన్ అంతా చేదెక్కుతుంది.

ఏ వరుసలో తాగాలన్న విషయంలో రెండు పక్షాలు ఉన్నాయి. చిన్నవాటితో మొదలుపెట్టి పాతవాటి దగ్గర ముగించాలన్నది ఎక్కువమంది పద్ధతి. నేను పాతదానితో మొదలుపెడతాను. కుర్ర వైన్ల వగరు నోటిని బిగించేశాక పాత వైన్ చెప్పే మెల్లని మాట వినపడదు. చివర కావాలంటే మళ్లీ వెనక్కు రావచ్చు. తెల్లకాగితం మీదకు గ్లాసులు వంచి చూస్తే 2001 అంచు ఇటుకరంగుకు తిరిగింది, 2008 అంచు దానిమ్మ రంగులో ఉంది, 2014 ఇంకా వంకాయ రంగును వదలలేదు. విచిత్రమేమిటంటే 2003 రంగులో 2001 కంటే ముసలిది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉడికిన ప్లమ్, ఎండుద్రాక్ష. నోట్లో మొదటి క్షణం తియ్యటి పలకరింపు, ఆ వెంటనే పొడి వగరు, చివర ఏమీ లేదు. పట్టికలో దానికి మంచి మార్కులే ఉన్నాయి.

2009 అందరినీ ఆకట్టుకుంది, అందులో వింత లేదు. పండు నిండిన, పట్టులాంటి వైన్ అది. 2010 మాత్రం తలుపు వేసుకొని కూర్చుంది. గంట గడిచినా బ్లాక్‌కరంట్ వాసన ఒక్కటీ దూరం నుంచి వినిపించింది, వగరు గోడలా అడ్డంగా నిలబడింది. అందులో సత్తా ఉందని నోటికి తెలుస్తూనే ఉంది, ఆ రోజు ఇచ్చిన సంతోషం మాత్రం పిసరంత. ఆ సాయంత్రం గ్లాసులు ఖాళీ అయిన సీసాలు రెండు: 2004, 2008. పట్టికల్లో ‘పర్వాలేదు’ అని తేల్చేసిన ఏళ్లు అవి. 2004లో దేవదారు పెట్టె తెరిచినట్టు ఒక వాసన, పొగాకు, కొంచెం పచ్చి ఆకు. 2008లో ఇంకాస్త నిటారుతనం, నాలుకను శుభ్రం చేసి వెళ్లే పులుపు. రెండింటిలోనూ ఆ షాటో ముఖం స్పష్టంగా కనిపించింది. 2009లో కనిపించింది ముందుగా 2009, ఆ తర్వాతే షాటో. ఇక 2013 పలుచగా, కొంత పచ్చిగా ఉంది. దాన్ని గొప్పదని చెప్పబోను. అయితే అందులో తప్పు లేదు, నటన లేదు, త్వరగా తాగేయమని అది తానే చెబుతోంది. మధ్యరకం ఏళ్లంటే నా ఉద్దేశం 2004, 2008, 2014 వంటివి. 2013 వంటి దిక్కుతోచని ఏళ్లను నెత్తిన పెట్టుకొమ్మని నేను అనడం లేదు.

సీసాలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ తేడాలు చాలావరకు అర్థమవుతాయి. కొత్త వైన్‌కు ఊదారంగు ఇచ్చేవి తొక్క నుంచి వచ్చిన ఆంథోసయనిన్లు. వగరు ఇచ్చేవి తొక్క, గింజ, ఓక్ పీపాల నుంచి వచ్చిన టానిన్లు. టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకొని ముద్దగా చేసేస్తాయి గనుక నోరు ఆరినట్టవుతుంది. తొలి కొద్ది ఏళ్లలోనే విడిగా ఉన్న ఆంథోసయనిన్లు టానిన్లతో ముడిపడి పెద్ద అణువులుగా మారతాయి. రంగు ఊదా నుంచి ఎరుపుకు, అక్కడి నుంచి ఇటుకకు తిరుగుతుంది. మరీ పెద్దవైనవి కరిగి ఉండలేక అడుగుకు దిగి మడ్డి అవుతాయి. అదే కాలంలో తాజా పండు వాసన ఇచ్చే ఎస్టర్లు కరిగిపోతూ, వాటి స్థానంలో తోలు, తడిసిన ఆకులు, పుట్టగొడుగు, దేవదారు వంటి వాసనలు పైకి వస్తాయి. వైన్‌ను పక్వం చేసేది గాలేనని లూయీ పాశ్చర్ 1866లో ప్రచురించిన అధ్యయనంలో వాదించాడు. బిరడా వేసిన సీసాలో గాలి పాత్ర బహు స్వల్పమని తర్వాతి తరం బోర్డో శాస్త్రవేత్తలు దిద్దారు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. పీపాలో గాలి చేసే పని వేరు, సీసాలో దాదాపు గాలి లేకుండా జరిగే పని వేరు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ మార్పులో ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తరుగుతూ ఉంటుంది. వగరు దిగడం, పండు అడుగంటడం ఒకే వేగంతో జరగవు. పండు ముందు అయిపోతే ఎంత కాచుకున్నా మిగిలేది ఎండుకట్టే. 1975 బోర్డోల మీద ఉన్న అపవాదు ఇదే: వాటి వగరు కరగకముందే చాలావాటిలో పండు కరిగిపోయింది. ‘వగరు ఎక్కువ ఉంది కాబట్టి ఇది చాలాకాలం ఉంటుంది’ అన్న నమ్మకం సగమే నిజం. వగరు, పులుపు, పండు మూడూ మొదటి నుంచే సరితూగి ఉన్న వైన్ చిన్నప్పుడూ నోటికి ఇంపుగానే ఉంటుంది. 1982 వైన్లు పీపాల్లో ఉన్నప్పుడే మెత్తగా, తియ్యగా ఉన్నాయని, అందుకే నిలవవని కొందరు విమర్శకులు పెదవి విరిచారు. అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ అప్పుడు ఎదురు నిలిచి వాటిని మెచ్చుకున్నాడు. నాలుగు దశాబ్దాలు దాటాక ఆ ఏటి మేలైన సీసాలు అతని మాటనే నిలబెట్టాయి. పార్కర్ రుచి నాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు, అయినా ఈ ఒక్క విషయంలో అతనికి దక్కవలసింది దక్కాలి.

ఆయుష్షు గురించి నిపుణులు వేసిన లెక్క తప్పడానికి ఇంతకన్నా ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1976లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ పారిస్‌లో ఏర్పాటు చేసిన రుచి పరీక్షలో లేబుళ్లు కప్పి పోసినప్పుడు, ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు ఎర్ర వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973ను మొదటి స్థానంలో నిలిపారు. కుర్ర వయసులో కాలిఫోర్నియా వైన్లు బాగుంటాయి, బోర్డోకు కాలం కావాలి అన్నది ఆ తర్వాత వినిపించిన సమాధానం. 2006లో అవే వైన్లను మళ్లీ తెరిచారు. ఈసారి మొదటి స్థానం కాలిఫోర్నియాకే చెందిన రిడ్జ్ మోంటె బెల్లో 1971ది. మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే. ఫ్రెంచ్ వైన్లలో అన్నింటికంటే ముందు నిలిచిన మూటన్ రోత్‌షిల్డ్ 1970కి దక్కింది ఆరో స్థానం. దీని నుంచి కాలిఫోర్నియా గొప్పదన్న తీర్పు లాగడం నా పని కాదు. కొత్త వైన్‌ను చప్పరించి ముప్పై ఏళ్ల తర్వాతి సంగతి చెప్పగలమన్న ధీమా ఎంత పలుచనిదో మాత్రం అది చూపింది.

నా వాదనకు ఎదురుగా నిలిచే గట్టి సాక్ష్యం ఒకటి ఉంది. ప్రిన్స్‌టన్ ఆర్థికశాస్త్రవేత్త ఓర్లీ యాషెన్‌ఫెల్టర్ చలికాలపు వాన, పెరుగుదల కాలపు ఉష్ణోగ్రత, కోతల ముందటి వాన, వైన్ వయసు అన్న నాలుగింటితోనే పక్వమైన బోర్డోల వేలం ధరల్లోని తేడాలను చాలావరకు వివరించగలిగాడు. రుచి చూసేవారు మొదట నవ్విపోయారు, సమీకరణం మాత్రం మొత్తం మీద నిలిచింది. మరి వాతావరణమే అంతా చెబుతుంటే కలిపేవాడి చేయి గురించి ఇంత చెప్పడం దేనికి? నా సమాధానం ఇది. ఆ సమీకరణం కొలిచింది ధరను. వేలంలో ధర పలికేది ఆయుష్షుకూ, పేరుకూ. పైగా అది ఒక ఏడాదికి సగటును చెబుతుంది. ఒకే ఏడాదిలో ఒక షాటోకూ దాని పక్కదానికీ ఉన్న తేడా, గడిలో ఒక ఏటికీ ఇంకో ఏటికీ ఉన్న తేడా కంటే పెద్దదిగా ఉండడం అరుదేమీ కాదు. సగటును తాగేవారెవరూ లేరు.

రుచి చూసేవారి నాలుకనే నమ్మలేమన్నది ఇంకో అభ్యంతరం. తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలిపి ఇస్తే బోర్డోలో 54 మంది వైన్‌శాస్త్ర విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్ పదాలతో వర్ణించారని 2001లో వచ్చిన అధ్యయనం చెప్పింది. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో ఒకే సీసా వైన్‌ను మూడుసార్లు పోస్తే న్యాయనిర్ణేతల్లో పదో వంతు మందే నిలకడగా ఒకే స్థాయి మార్కులు వేయగలిగారని రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో చూపించాడు. ఈ ఫలితాలను కాదనలేను, కాదనను. అయితే వీటితో ముందు కూలేది మార్కుల పట్టికే. పదుల కొద్దీ అపరిచిత వైన్లకు హడావిడిగా అంకె వేయడం ఒక పని. ఒకే కుటుంబంలోని ఎనిమిది గ్లాసులను పక్కపక్కన పెట్టుకొని, మళ్లీ మళ్లీ వాటి దగ్గరకు వెళ్తూ, ఏది దేనికంటే ఎలా వేరని గమనించడం ఇంకో పని. రెండోదాంట్లో మనిషి నాలుక మరీ అంత అధ్వానం కాదు. పాత వైన్ రుచిని అచ్చంగా కల్పించి అమ్మిన రూడీ కుర్నియావన్ ఉదంతాన్నీ ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 2012లో అతని ఇంట్లో అధికారులకు పాత సీసాలు, లేబుళ్లు, ఏ వైన్‌ను దేనితో కలిపితే ఏ పాతకాలపు ప్రసిద్ధ వైన్‌లా ఉంటుందో రాసుకున్న వివరాలు దొరికాయి. 2013లో దోషిగా తేలాడు, 2014లో పదేళ్ల శిక్ష పడింది. అతని మోసం అన్నేళ్లు సాగిందంటే, కొన్నవారిలో చాలామంది తాగింది అంకెనే.

కాచుకోవడం ఎవరి పని అన్న ప్రశ్న దగ్గర నాకు బోర్డో మీద గట్టి ఫిర్యాదు ఉంది. అక్కడ వైన్ ఇంకా పీపాలో ఉండగానే, కోత మరుసటి వసంతంలో నమూనాలు చూపించి అమ్మకానికి పెట్టే పద్ధతి పాతుకుపోయింది. కొనేవారు డబ్బు ముందే కట్టి, ఆ తర్వాత పదేళ్లో ఇరవయ్యేళ్లో చల్లని చోటు వెతుక్కొని కాపలా కాయాలి; తెరిచిన రోజు బాగుండకపోతే ఆ నష్టమూ వారిదే. స్పెయిన్‌లోని రియోహాలో గ్రాన్ రెసెర్వా శ్రేణి ఎర్ర వైన్ పీపాలోనూ సీసాలోనూ కలిపి కనీసం అయిదేళ్లు తయారీదారు దగ్గరే ఉంటుంది, అందులో కనీసం రెండేళ్లు ఓక్‌లో. ‘ఊనికో’ బయటకు రావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. లెబనాన్‌లో, యుద్ధం వల్ల 1976లో అసలు వైన్ చేయలేకపోయిన షాటో ముసార్, కాబెర్నే సావిన్యాన్, సాన్సో, కారిన్యాన్ కలిపిన తన ఎర్ర వైన్‌ను కోత నుంచి ఏడో ఏట గానీ విడుదల చేయదు. బోర్డోలో ఈ దారి పట్టిన పెద్ద పేరు షాటో లాటూర్. 2012లో పీపా దశ అమ్మకాల నుంచి అది తప్పుకుంది. ఆ నిర్ణయం వెనుక లాభాల లెక్కలూ ఉండే ఉంటాయి, అయినా కొనేవారి మీద నుంచి బరువు దించిందన్నది వాస్తవం.

తామే దాచుకోవాలనుకునేవారికి చెప్పవలసింది ఎక్కువేమీ లేదు. పన్నెండు నుంచి పద్నాలుగు డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి, బిరడా ఆరిపోనంత తేమ, సీసా పడుకొని ఉండడం. వేడితోపాటు వేడి, చల్లదనాల మధ్య ఊగిసలాట కూడా చేటు. బిరడా ఆ ఊగిసలాటకు వదులవుతుంది. ఒకే వైన్ ఆరు సీసాలు దొరికితే కొన్ని ఏళ్ల ఎడంతో ఒక్కొక్కటి తెరవడం ఏ పట్టికకంటే నమ్మదగిన మార్గదర్శి. తెరిచే వేళ విషయంలో నా మొగ్గు ఎప్పుడూ కాస్త తొందర వైపే. తొందరగా తెరిచిన వైన్‌ను డికాంటర్‌లో రెండు గంటలు ఉంచి కొంతైనా బుజ్జగించవచ్చు. ఆలస్యమైనదానికి చేసేదేమీ లేదు.

ఈ మొత్తం లెక్కను వేడెక్కుతున్న వాతావరణం ఇప్పుడు మార్చేస్తోంది. ఒకప్పుడు 12, 12.5 శాతం ఆల్కహాల్‌తో వచ్చిన బోర్డోలు వేడి ఏళ్లలో 14 దాటుతున్నాయి. మెర్లో తొందరగా పండి చక్కెర పెంచుకుంటోంది, కాబెర్నే ఫ్రాంక్, పెటీ వెర్డోల విలువ పెరుగుతోంది. 2021లో తూరీగా నాసియోనాల్, మార్సెలాన్, ఆరినార్నోవా, కాస్తే వంటి ఎర్ర రకాలకు బోర్డోలో అనుమతి దొరికింది. తోటలో అయిదు శాతానికి, మిశ్రమంలో పది శాతానికి మించకూడదన్న పరిమితితో. అదే 2021లో ఏప్రిల్ మంచు, వేసవి తేమ, బూజు తెగులు రైతులను ఏడిపించాయి. మెర్లో దెబ్బతినడంతో మెడోక్‌లో చాలాచోట్ల కాబెర్నే వాటా పెరిగింది, ఆల్కహాల్ తగ్గింది, పట్టికల్లో మార్కులూ తగ్గాయి. మరుసటి ఏడు 2022 ఎండలో పండి పొగడ్తలతో మునిగిపోయింది. రెండింటిలో ఏది కొంటావంటే, కలపడం తెలిసిన షాటో అయితే నా డబ్బు ముందు 2021కే వెళ్తుంది. అది 2030ల మొదట్లోనే గ్లాసులోకి వస్తుంది, పాతకాలపు మెడోక్ వైన్ల సన్నని ఒంపు కొంతైనా అందులో ఉంటుందని నా అంచనా. 2022ను కొన్నా, దాని వంతు ఆ తర్వాతే.